విషయం: ఈశ్వరయ్య ఎదుగుదల గురించి

ఆ గురువారం ఉదయం ఈశ్వరయ్య వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి తార్నాకలో ఇల్లు వదలాలి. పదింటికి యూనివర్సిటీ క్యాంపస్‌లోని ఆఫీసులో సంతకం పెట్టాలి. పన్నెండులోగా తన ఇంగ్లీషు వ్యాసాన్ని సుప్రజ మేడమ్‌కు అందజేయాలి. నాలుగున్నరకు క్లాసుకు వెళ్లి మార్కులు వినాలి. వీటి మధ్యలో ఆఫీసు పని చేయాలన్న ఆలోచన ఆయనకు లేదు గానీ, అందుకు ఆయన్ను తప్పుపట్టవలసిన పనీ లేదు. హాస్టళ్ల విభాగంలో అది ఆయన చేరకముందు నుంచీ ఉన్న ఆనవాయితీ.

టిఫిను బాక్సు సంచిలో పెడుతూ భార్య అన్నపూర్ణ అడిగింది. "పదైదు దినాల నుంచి రాస్తానే ఉండారు. ఏముందండీ దాంట్లో?"

"నా ఎదుగుదల."

అన్నపూర్ణ ఆయన చొక్కా నడిమి గుండీ వైపు చూసింది. "అది రాయాల్నా? కనపడ్తానే ఉంది కదా."

ఈశ్వరయ్యది ప్రొద్దుటూరు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఈ క్యాంపస్‌లో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటు దాకా వచ్చి, అక్కడే ఆగిపోయాడు. ఇంకో పది నెలల్లో రిటైర్మెంటు. ఈలోగా ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే, సూపరింటెండెంటు కుర్చీలో కూర్చోవాలి. ఆ కుర్చీ వీపు మీద తెల్ల తువ్వాలు ఉంటుంది. సీనియర్ అసిస్టెంటు కుర్చీకి ఉండదు. సొంతంగా ఇంటి నుంచి తెచ్చుకుని వేసుకుంటే మధ్యాహ్నానికల్లా సెక్షనంతా నవ్వుతుంది. కొత్త నిబంధన ప్రకారం ఆ తువ్వాలుకు రెండు కాగితాలు కావాలి. ఒకటి, అందరూ డీఆర్ అని పిలిచే డిప్యూటీ రిజిస్ట్రార్ వెంకటస్వామి సిఫారసు. రెండోది, క్యాంపస్ కాలేజీలో సాయంత్రం పూట నడిచే ఇంగ్లీషు రచన కోర్సు పాసైనట్టు సర్టిఫికెట్.

అలా అరవై ఏళ్ల వయసులో ఆయన డిగ్రీ పిల్లల మధ్య బెంచీ మీద కూర్చున్నాడు. మొదటి వారం సుప్రజ మేడమ్ "మీ ఉదయం గురించి రాయండి" అంది. ఈశ్వరయ్య ఇంగ్లీషులో రాసిచ్చినదాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: "ఈ దిగువ సంతకము చేసిన వ్యక్తి ఉదయం ఐదున్నరకు నిద్ర లేచినట్లు మనవి చేయడమైనది. భార్యచే కాఫీ సమర్పించబడినది. పరిశీలించి ఆమోదించడమైనది. చక్కెర విషయమై వివరణ కోరడమైనది." మేడమ్ దాని పక్కన ఎర్ర సిరాతో "ఇందులో మీరెక్కడ?" అని రాసింది. ఈశ్వరయ్య కాగితం పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాడు.

"కింద సంతకం ఉంది కదమ్మా," అన్నాడు.

పద్నాలుగు వారాలు పట్టింది ఆయనకు సంగతి అర్థం కావడానికి. అర్థమయ్యాక మాత్రం ఆగలేదు. చివరి వ్యాసానికి మేడమ్ ఇచ్చిన విషయం "రచయితగా నా ఎదుగుదల". నిజం రాయండి, నిజం ఉంటే తప్పులున్నా మార్కులేస్తాను అంది. ఆఫీసులో పనిచేసేవాడికి ఎవరూ ఇవ్వకూడని సలహా అది. ఈశ్వరయ్య ఆరు పేజీల నిజం రాశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో పదివేల కాగితాలు రాశాననీ, ఒక్కదాంట్లోనూ తాను లేననీ మొదలుపెట్టాడు. మూడో పేజీలో వెంకటస్వామి గారి దగ్గరికి వచ్చాడు: "మా డిప్యూటీ రిజిస్ట్రార్ ఒక వాక్యం మొత్తం రాయగా నేను చూడలేదు. ఆయన ఫైలు మీద 'చర్చించండి' అని రాస్తారు. చర్చించడానికి వెళితే ఉండరు." ఐదో పేజీలో ఆడపిల్లల హాస్టల్ సంగతి. మూడేళ్లుగా అక్కడ మూడో అంతస్తు బాత్రూము కారుతోంది. ఆ ఫైలు మీద తాను పంతొమ్మిది సార్లు "ఆదేశాల కోసం సమర్పించడమైనది" అని రాశాడు తప్ప, ఒక్కనాడూ వెళ్లి ఆ గోడ చూడలేదు. నాకే అధికారం ఉంటే రేపు పొద్దున్నే ప్లంబరును పంపి ఆ పైపు మార్పిస్తాను, అని ముగించాడు.

రాసింది నిజమే గానీ, చేతికి ముప్పై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది. పైన "విషయం: రచయితగా ఎదుగుదల గురించి" అని పెట్టాడు. పేరాలకు నంబర్లు వేశాడు. మూలన చిల్లు పొడిచి ట్యాగు కట్టాడు. గోధుమరంగు ఫైలు ప్యాడులో పెట్టి తెల్ల నాడాతో ముడి వేశాడు. కాగితాలను ఇంకో రకంగా ఉంచవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు ఆయన సంచిలో అలాంటి ప్యాడులు రెండున్నాయి. ఒకటి వ్యాసం. రెండోది, ఇరవయ్యోసారి అదే వాక్యం రాద్దామని ఇంటికి తీసుకెళ్లి, రాయకుండానే తిరిగి తెచ్చిన బాత్రూము ఫైలు.

ఆఫీసు ఆ రోజు మామూలుగా లేదు. సోమవారం తనిఖీ కమిటీ వస్తోంది, సాయంత్రానికి ఏ బల్ల మీదా పెండింగు ఫైలు కనబడకూడదని డిప్యూటీ రిజిస్ట్రార్ హుకుం. ఈశ్వరయ్య వ్యాసం బయటకు తీసి, రెండో పేజీలో ఒక కామా కొట్టేసి, కాసేపు ఆలోచించి అదే కామా మళ్లీ పెట్టి, ప్యాడును బల్ల మీదే ఉంచి చాయ్ తాగడానికి వెళ్లాడు. రచయితలకు ఇలాంటి శ్రమ తర్వాత చాయ్ తప్పదు.

తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. సంచిలో ఒక ప్యాడు ఉంది. వ్యాసం సంచిలో పెట్టి వెళ్లాననీ, బాత్రూము ఫైలును అటెండరు కాశమ్మ పైకి పట్టుకుపోయిందనీ అనుకుని ఆయన తృప్తిపడ్డాడు. అంతలో ప్రవళిక వచ్చింది. ఇంగ్లీషు కోర్సులో ఆయన పక్క బెంచీ అమ్మాయి. ఉండేది ఆ కారే హాస్టల్లోనే, సరిగ్గా ఆ బాత్రూము కింద గదిలో.

"సార్, మా బాత్రూం సంగతి ఏమైంది సార్?"

"ఫైలు తిరుగుతాంది కదమ్మా. ఇప్పుడే పైకి పోయింది."

"మూడేండ్ల సంది తిరుగుతనే ఉన్నది సార్. రాత్రి నా నోట్‌బుక్ మీద కారింది. ఎస్సే మొత్తం ఖరాబైంది. ఇయ్యాల్నే లాస్ట్ డేట్. ఇగ మేడమ్‌ను బతిలాడాలె, టైమియ్యమని."

"మేడమ్ దగ్గరికేనా పోతాండేది? అట్లయితే నాది కూడా ఇచ్చెయ్యమ్మా, పుణ్యముంటాది."

ఆయన సంచిలోంచి ప్యాడు తీసి ఇచ్చాడు. మూడేళ్లుగా తాను వెతుకుతున్న ఫైలును చంకన పెట్టుకుని, అది ఎప్పుడు కదులుతుందో అని దిగులుపడుతూ ప్రవళిక వెళ్లిపోయింది.

పదకొండున్నరకు కాశమ్మ ఖాళీ చేతులతో వచ్చింది. మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచొచ్చి, రోజుకు వంద ప్యాడులు మోసే మనిషి.

"పోయింది సార్ మీ ఫైలు. స్వర్ణ మేడమ్‌కు ఇచ్చిన," అంది. "ఇయ్యాల ఏంది సార్, మస్తు రాసిన్రు? ఎప్పుడు పేజీకి ఒక్క లైనే ఉంటుండె, కింద సంతకం. ఇయ్యాల పేజీలు నిండ ఉన్నయ్."

ఈశ్వరయ్య ఖాళీ సంచి వైపు చూశాడు. "యాడ తీసుకున్నావు దాన్ని?"

"టేబుల్ మీదనే ఉన్నది గదా. అన్ని ప్యాడ్‌లు ఒక్క తీరే ఉంటయ్ సార్, నాకేం ఎరుక?"

బాత్రూము ఫైలు సుప్రజ మేడమ్ దగ్గరికి వెళ్లిందని తేలింది. దాని గురించి ఆయన బెంగపడలేదు. మూడేళ్లు ఎక్కడికీ పోని ఫైలు సాయంత్రంలోగా ఎక్కడికి పోతుంది. బెంగంతా మూడో పేజీ గురించి. ఆ పేజీ వెంకటస్వామి కళ్లబడితే సిఫారసు ఉండదు, సిఫారసు లేకపోతే తువ్వాలు ఉండదు. అరవయ్యేళ్ల మనిషి చెప్పుల్లో కాళ్లు సరిగ్గా పెట్టకుండానే లేచాడు.

సూపరింటెండెంటు స్వర్ణ ముందు ప్యాడులు గుట్టగా ఉన్నాయి. ఆమె ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో సంతకాలు పెడుతోంది.

"మేడమ్, ఇందాక నా ప్యాడు వచ్చింది..."

"సంతకం పెట్టేసి పంపించానండీ. 'ప్రతిపాదించిన విధంగా' అని రాశాను."

"చదివినారా?"

"ఎందుకు, మీరు రాసిందే కదా."

అది మెచ్చుకోలో తిట్టో తెలియలేదు గానీ ఈశ్వరయ్య ఊపిరి పీల్చుకున్నాడు. అసిస్టెంట్ రిజిస్ట్రార్ గిరీష్ గదికి పరుగెత్తాడు. గిరీష్ కుర్రవాడు, పోటీ పరీక్ష రాసి వచ్చినవాడు. ఏ ఫైలునూ ప్రశ్న వేయకుండా వదలడు. చదవకుండానే ప్రశ్న వేయడం శిక్షణలో నేర్చుకున్నాడు.

"మీ ఫైల్ చూసిన ఈశ్వరయ్య గారూ. సబ్జెక్ట్ బాగుంది," అన్నాడు గిరీష్.

ఈశ్వరయ్య తలుపు రెక్క పట్టుకున్నాడు. "చదివినారా సార్?"

"సబ్జెక్ట్ చదివిన. రెండు క్వెరీస్ పెట్టిన. ఒకటి, గతంల ఇట్లాంటి ఎదుగుదలకు పూర్వ దృష్టాంతాలున్నయా. రెండు, ఈ ఎదుగుదల మిగతా సెక్షన్‌లకు వర్తిస్తదా. మీరు నిమ్మళంగ జవాబియ్యండి, తొందర లేదు. హాస్టల్ సెక్షన్ ఫైల్ కాబట్టి బిల్డింగ్ డివిజన్‌కు పంపిన."

బిల్డింగ్ డివిజన్ క్యాంపస్‌కు అవతలి కొసన ఉంది. ఎండలో, చెట్ల కింద ప్రేమికులను తప్పించుకుంటూ, ఈశ్వరయ్య ముప్పావుగంట నడిచాడు. దారిలో ఆయనకు ఒక విచిత్రమైన సంగతి తోచింది. ఇద్దరు చదవలేదు, బాగానే ఉంది. కానీ మొదటి పేజీ మొదటి వాక్యమైనా చూసి ఉండవచ్చు కదా. ఆ వాక్యం కోసం ఆయన నాలుగు రోజులు పడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్ల మనిషి ఒక్క వరుసలో ఉన్నాడు అక్కడ. అది చూసి ఎవరికీ చెయ్యి ఆగకపోవడమేమిటి?

ఇంజనీరు భోజనం ముగించి పళ్లు కుట్టుకుంటున్నాడు. "ఆ ప్యాడా? అయిపోయిందయ్యా. 'స్థల పరిశీలన జరిపితిమి, నిర్మాణము పటిష్ఠముగా నున్నది, పనికి అభ్యంతరము లేదు' అని రాసి, స్టాంప్ గొట్టి డీఆర్‌కు పంపిన."

"ఏ స్థలం సార్?"

"హాస్టల్ ఫైల్ అంటే హాస్టలే గదయ్యా."

"మొదటి పేజీ అయినా..." ఈశ్వరయ్య గొంతు సవరించుకున్నాడు. "అది కొంచెం బాగా వచ్చింది సార్. చూసినారేమో అని."

"ఎన్ని పేజీలు?"

"ఆరు."

"ఆరు పేజీలు రాస్తే ఎవడు చదువుతడయ్యా? నెక్స్ట్ టైం ఒక్క పేజీల పెట్టు."

వచ్చిన దారినే తిరిగి నడుస్తూ ఈశ్వరయ్య ఇంజనీరును మనసులో ప్రొద్దుటూరు భాషలో తిట్టుకున్నాడు. ఉదయం ఎవరైనా చదువుతారేమోనని పరుగెత్తిన కాళ్లు ఇప్పుడు ఒక్కడూ చదవలేదన్న కోపంతో నడుస్తున్నాయి. సుప్రజ మేడమ్ పద్నాలుగు వారాల్లో చేయలేని పని ఇంజనీరు ఒక్క మాటతో చేశాడు. ఈశ్వరయ్యకు రచయితల జబ్బు పూర్తిగా పట్టుకుంది.

డిప్యూటీ రిజిస్ట్రార్ గదిలోకి వెళ్లేసరికి మూడున్నర. వెంకటస్వామి చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, సోమవారం కమిటీకి బిర్యానీ ఎక్కడి నుంచి తెప్పించాలో మాట్లాడుతున్నాడు. చేతిలో ఆకుపచ్చ సిరా కలం. ఎదురుగా ఈశ్వరయ్య ప్యాడు. ఆయన సరాసరి చివరి పేజీ తిప్పాడు.

"సార్," అన్నాడు ఈశ్వరయ్య. తర్వాత తన నోటి నుంచే వచ్చిన మాటకు తానే అదిరిపడ్డాడు. "మూడో పేజీ ఒక్కసారి చూడండి సార్."

"మీరే చదువుండ్రి. వింటున్న." వెంకటస్వామి కలం చివరతో కానిమ్మని సైగ చేసి, ఫోనులో చెప్పాడు. "మటన్ ఒద్దు, చైర్మన్ సారు తినడు."

 తువ్వాలు కళ్లముందు కదిలింది. అయినా ప్యాడు తీసుకుని, నిలబడి, సుప్రజ మేడమ్ నేర్పినట్టు ప్రతి మాటా విడదీసి చదివాడు. మా డిప్యూటీ రిజిస్ట్రార్ ఒక వాక్యం మొత్తం రాయగా నేను చూడలేదు. ఆయన 'చర్చించండి' అని రాస్తారు. చర్చించడానికి వెళితే ఉండరు. వెంకటస్వామి ప్రతి వాక్యానికీ తలూపుతూ విన్నాడు. చివర్న ఫోనును అరచేత్తో మూశాడు.

"అండ్ల నా పేరున్నదా?"

"లేదు సార్. పదవి ఒక్కటే."

"మంచిది. పేరొద్దు. పదవి చాలు."

ఆకుపచ్చ సిరాతో 'ఆమోదించడమైనది' అని రాసి ప్యాడు తోసేసి, ఆయన పెరుగు చట్నీ విషయానికి వెళ్లిపోయాడు. ఈశ్వరయ్య వరండాలో నిలబడి చాలాసేపు ఆ సంతకం వైపు చూశాడు. సిఫారసు భద్రంగా ఉంది. సంతోషపడవలసిన మనిషికి ఏడుపొచ్చినంత పనైంది.

ఇక మిగిలింది సుప్రజ మేడమ్. ఇందులో మీరెక్కడ అని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె చదివితే చాలు, మిగిలినవాళ్లు ఎట్లా పోతే నాకేమి అనుకుంటూ ఆయన నాలుగున్నరకు క్లాసులోకి అడుగుపెట్టాడు. మేడమ్ అప్పటికే బాత్రూము ఫైలును గుండెకు హత్తుకుని నిలబడి ఉంది.

"క్లాస్, ఈ సెమిస్టర్‌లో నాకు వచ్చిన బెస్ట్ పీస్ ఇది," అంది. "ఈశ్వరయ్య గారు రాసింది. ఒకే వాక్యం పంతొమ్మిది సార్లు వస్తుంది. 'ఆదేశాల కోసం సమర్పించడమైనది.' మాట మారదు, తేదీ ఒక్కటే మారుతుంది. ఒక మనిషి లోపల్నుంచి ఖాళీ అయిపోవడాన్ని ఇంతకన్నా ఎవరు చెప్పగలరు? మధ్యలో ఒక అమ్మాయి అర్జీని చేర్చారు. ఆ గొంతుకు జవాబే రాదు. పైనుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి."

ప్రవళిక చెయ్యెత్తింది. "మేడమ్, అది మా బాత్రూం."

"ఎగ్జాక్ట్‌లీ. ప్రతి రీడర్‌కూ అది తన బాత్రూమే అనిపించాలి."

"అనిపించుడు కాదు మేడమ్. బీ బ్లాక్, థర్డ్ ఫ్లోర్. ఆ అర్జీ నేనే రాసిన."

"చూశారా," అని మేడమ్ క్లాసు వైపు తిరిగింది. "పాఠకురాలు రచన లోపలికే వెళ్లిపోయింది. దీన్నే నేను పోయిన వారం చెప్పాను."

పాఠకురాలు చెయ్యి దించి కూర్చుంది. ఈశ్వరయ్యకు ఇరవైకి పంతొమ్మిది పడ్డాయి. క్లాసు వదిలాక ఆయన తన ప్యాడు పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లాడు.

"పొరపాటైంది మేడమ్. అది ఆఫీసు ఫైలు. నా వ్యాసం ఇది."

మేడమ్ తెరిచింది. సంతకాలు, ప్రశ్నలు, ఇంజనీరు స్టాంపు, ఆకుపచ్చ సిరా చూసి వెంటనే మూసింది. "ఇది అప్రూవ్ అయిన ఫైల్ కదండీ. నా దగ్గర ఉండకూడదు."

"ఆరు పేజీలే మేడమ్. మీరు చదివితే..."

"మార్కులు ఆన్‌లైన్‌లో ఎంటర్ చేసేశాను. ఇప్పుడు మారిస్తే మళ్లీ నేను లెటర్ పెట్టుకోవాలి."

"మొదటి వారం మీరు ఒక మాట రాసినారు మేడమ్. ఇందులో మీరెక్కడ అని."

"అవును. దీంట్లో చూడండి, ప్రతి లైన్‌లోనూ మీరే ఉన్నారు." ఆమె బాత్రూము ఫైలును ఆప్యాయంగా తట్టింది. "వచ్చే బ్యాచ్‌కు మోడల్‌గా ఉంచుకుంటాను."

ఆమె చెప్పింది అబద్ధమైతే ఆయనకు అంత బాధ ఉండేది కాదు. ఆ పంతొమ్మిది వాక్యాలు నిజంగానే ఆయన. బయటికొచ్చి కాలేజీ మెట్ల మీద కూలబడ్డాడు. ప్రవళిక కాసేపు దూరంగా నిలబడి చూసి, వచ్చి రెండు మెట్ల కింద కూర్చుంది.

"నేను చదవొచ్చా సార్?"

ఆయన ప్యాడు ఇచ్చి, ఆగి ఉన్న స్కూటర్లను లెక్కపెడుతున్నట్టు నటించాడు. మూడో పేజీ దగ్గర ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. ఐదో పేజీ దగ్గర నవ్వు పోయింది. పేజీ వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి చదివింది. ఈశ్వరయ్య రాసింది ఒక మనిషి రెండోసారి చదవడం ముప్పై ఒక్క ఏళ్లలో అదే మొదలు. ఆయనకు ఏ స్కూటరు దాకా లెక్కపెట్టాడో మరుపొచ్చింది.

"సార్, లాస్ట్ లైన్‌ల ప్లంబర్‌ను పంపి పైపు మార్పిస్తా అని రాసిన్రు," అంది ప్రవళిక.

"నాకు అధికారం ఉంటే అని రాసినాను లేమ్మా."

"దాని కిందనే స్వర్ణ మేడమ్ 'ప్రతిపాదించిన విధంగా' అన్నది. ఇంజనీర్ సారు అభ్యంతరం లేదన్నడు. డీఆర్ సారు ఆమోదం అన్నడు. ఇగ అధికారం లేకపోవుడేంది సార్?"

ఈశ్వరయ్య ప్యాడు లాక్కుని చూశాడు. ఆ అమ్మాయి చెప్పింది నిజం. మూడేళ్లలో బాత్రూముకు రాని ఆమోదం ఆయన ఎదుగుదలకు ఒక్క పూటలో వచ్చేసింది. కానీ దీని మీద ఉత్తర్వు తీస్తే ఆ ఆరు పేజీలూ శాశ్వత రికార్డు. దాని నకళ్లు ఐదు చోట్లకు పోతాయి, మూడో పేజీతో సహా. తువ్వాలు మళ్లీ కళ్లముందుకొచ్చింది.

"ఎవరైనా చదివితే?" అన్నాడు.

"ఎవరు చదువుతరు సార్?" అంది ప్రవళిక.

శుక్రవారం పొద్దున్నే ఆయన ఉత్తర్వు టైపు చేయించాడు. "సూచిక: రచయితగా ఎదుగుదల గురించి, ఆమోదిత నోటు, చివరి పేరా." శనివారం ప్లంబరు వచ్చాడు. తుప్పు పట్టిన పైపు ముక్క ఒకటి పీకి, కొత్తది బిగించి, నలభై నిమిషాల్లో వెళ్లిపోయాడు. ఈశ్వరయ్య వార్డెను అనుమతితో పైకి వెళ్లి, మూడేళ్ల తర్వాత మొదటిసారి ఆ గోడ చూశాడు. ఆరుతున్న గోడను చాలాసేపు చూశాడు.

సోమవారం కమిటీకి బిర్యానీ నచ్చింది. ఒకే రోజులో నాలుగు బల్లలు దాటి, మూడో రోజుకు పని పూర్తయిన ఫైలు ఉందని తెలిసి చైర్మన్ అబ్బురపడ్డాడు. ప్యాడును చేతిలోకి తీసుకుని, బరువు చూసి, ఇందులో ఏముందని అడిగాడు. "ఎదుగుదల సార్," అన్నాడు వెంకటస్వామి. చైర్మన్ తలూపి ప్యాడు పక్కన పెట్టాడు. ఆ సాయంత్రమే వెంకటస్వామి ఈశ్వరయ్య దరఖాస్తు మీద 'సిఫారసు' అని ఒక్క మాట రాశాడు. వాక్యం పూర్తిచేయలేదు. ఆ వారంలోనే స్వర్ణకు పరీక్షల విభాగానికి బదిలీ అయింది. అన్నపూర్ణ హబ్సిగూడ దాకా వెళ్లి, అంచు లేని తెల్ల తువ్వాలు చూసి తెచ్చింది.

తర్వాతి సోమవారం పొద్దున ప్రవళిక కొత్త సూపరింటెండెంటు గదికి వచ్చింది. తడిసిపోయిన వ్యాసాన్ని మేడమ్ ఇచ్చిన గడువులో తిరిగి రాసుకుంది. దాన్ని గోధుమరంగు ప్యాడులో పెట్టి తెల్ల నాడా కట్టింది.

"ఇదేందమ్మా, ప్యాడులో పెట్టినావు?"

"ప్యాడ్‌ల పెడితేనే పనైతది గదా సార్. మీదే చూసి నేర్చుకున్న. సాయంత్రం మేడమ్‌కు ఇయ్యాలె. మీరొక్కసారి చదివి చెప్పుండ్రి సార్. వేరేటోళ్లు చదివితే నాకు నమ్మకం లేదు."

"చదవకుండా ఎట్ల ఉంటానమ్మా. అక్కడ పెట్టు."

ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అది వేరే సంగతి. ఇంతలో కాశమ్మ నలభై ప్యాడులు తెచ్చి దాని మీద పెట్టింది. ఈశ్వరయ్య తువ్వాలుకు వీపు ఆనించి, ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో సంతకాలు పెట్టడం మొదలుపెట్టాడు. పని వేగంగా సాగుతోందని ఆయనకే ముచ్చటేసింది.

నాలుగింటికి ప్రవళిక తలుపు దగ్గర నిలబడింది. "చదివిన్రా సార్?"

"ఎందుకమ్మా," అన్నాడు ఈశ్వరయ్య తలెత్తకుండా, "నువ్వు రాసిందే కదా."

ప్రవళిక ప్యాడు తీసుకుని వరండాలోకి వచ్చి విప్పింది. చివరి పేజీలో ఆమె చివరి వాక్యం, తాను రాసింది ఒక్కరు చదివినా చాలని. దాని కింద నీలం సిరాతో 'ప్రతిపాదించిన విధంగా', సంతకం, తేదీ.

సుప్రజ మేడమ్‌కు ఆ ముగింపు చాలా నచ్చింది, ఒక మార్కు ఎక్కువే వేసింది.